లావు తీగలు

లావు తీగలెందుకు కొన్నట్టు, అదీ తన చెవిన ఒక్క మాట వెయ్యకుండా, పానా కోసం తనే బావమరిది స్కూటరు డిక్కీ తెరిచాడు గనక ఆ ఖాళీ ప్యాకెట్టు కంటపడింది, పాత గుడ్డలో చుట్టి మరీ పెట్టాడు వెధవ, గిటారు తీగల ప్యాకెట్టుని గుడ్డలో చుట్టి దాచేవాడెవడైనా ఉంటాడా, తను పాడేవాడే తప్ప వాయించేవాడు కాదు, నిజమే, అయినా అట్ట మీద అంత పెద్ద అక్షరాలతో హెవీ అని రాసుంటే చదవలేనంత మొద్దా, ఎనిమిదితో బడి మానేశాడు కాబట్టి వీడికి కళ్ళు కూడా లేవనుకుంటారు అందరూ, ముందున్న ట్యాంకరు కదిలింది, అతనూ తన ట్యాంకర్ని ఓ బండి పొడుగు ముందుకి జరిపి బ్రేకు లాగాడు, నీళ్ళు నింపే గొట్టం దగ్గరికి చేరేసరికి ఏ వేళవుతుందో, ఎండ అద్దంలోంచి సూటిగా ఒళ్ళో పడుతోంది, పక్క వరసలో డ్రైవరు తల బయట పెట్టి, ఏం కేకన్నా, రేపే కదా మీ గోల, చెవుల్లో దూది పెట్టుకు రమ్మంటావా అన్నాడు, నీ చెవుల్లో దూది లేనిదెప్పుడురా అన్నాడు తను, ఇద్దరూ నవ్వారు, వాడి నవ్వు పొట్ట దాకా వెళ్ళింది, తనది పెదాల దగ్గరే ఆగిపోయింది. కేక, ఈ స్టాండులో అందరికీ అతను కేకే, కోపమొస్తే పెళ్ళానిది కూడా అదే పిలుపు, తుప్పు అనే బ్యాండులో పాడతాడని, ‘గొలుసు’ అనే పాట చివర ఓ అరుపు అరుస్తాడని, ఆ అరుపు అందుకుంటే జనం తమ ఊపిరి కూడా బిగబట్టి నిలబడిపోయేవాళ్ళని, హెవీ మెటల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా ఆ అరుపు వినడానికి వచ్చేవాళ్ళు, తుప్పుకి పేరంటూ ఏదైనా ఉంటే అది ఆ అరుపుదే, ఆ అరుపు మీద ఇన్నేళ్ళు బతికిన ముగ్గురు ఇప్పుడు తన వెనకాల గుసగుసలాడుకుంటున్నారు, తను రిహార్సల్ గదిలో అడుగు పెట్టగానే డ్రమ్ములవాడు ఎండల గురించి మొదలెడతాడు, బావమరిది గిటారు పట్టుకుని బయట మెట్ల మీదికి పోతాడు, ఏంట్రా అంటే శ్రుతి చేసుకుంటున్నా బావా, లోపల గోలగా ఉంది అంటాడు, వీడు పుట్టిందే గోలలో, పోయిన వారం ఆ మెట్ల మీదే ఎర్రచొక్కావాడొకడు ఎదురయ్యాడు, భుజాన పొడుగాటి సంచీ, మంచి ఛాతీ, తనని చూసి తల దించుకుని పక్కకి తప్పుకున్నాడు, వాడెవడ్రా అంటే, ఎవరో బావా, అడ్రసు అడగడానికొచ్చాడు అన్నాడు బావమరిది, రెండంతస్తులు ఎక్కొచ్చి అడ్రసు అడిగేవాడిని ఎక్కడైనా చూశామా, వాడు పాడేవాడు, సందేహమేముంది, కొత్త గొంతు, రేపు బ్యాండు పుట్టినరోజు ప్రోగ్రామని తనతో పాడించి, జనం చేత గట్టిగా చప్పట్లు కొట్టించి, ఎల్లుండి నుంచి ఇంట్లో కూర్చో బావా అంటారు, ఇంట్లోది కూడా వాళ్ళ వైపే, మొన్న ఫోన్లో తమ్ముడితో, గొంతు ఎలా ఉందో రాత్రికి చూసి చెప్తాలేరా అంటోంది, తను వచ్చేసరికి ఆ సిలిండరు ఎప్పుడొస్తుందో ఏమో అంది, సిలిండరుకి గొంతెక్కడిది.

ఈ సాయంత్రం రిహార్సల్లోనే తేల్చెయ్యాలి, ఉత్త చేతుల్తో వెళ్తే అనుమానం మనిషివి బావా అని నవ్వేసి ఊరుకుంటారు, రుజువు కావాలి, రుజువు ఫోన్లోనే ఉంది, బేసు వాయించే మూగోడు, నిజంగా మూగ కాదు, మాట్లాడితే ఏదో అరిగిపోతుందన్నట్టుంటాడు, వాడి కూతురు రేపటి ప్రోగ్రాము కోసమని పాత రికార్డింగులన్నీ వెతికి ఎక్కించి పంపింది, వినండి పెదనాన్నా, మీరు అప్పుడు భలే అరిచేవారు అని, అప్పుడు అట, ఇప్పుడేమైందే, తను ఒక్కొక్కటీ వింటాడు, ఏ ఏడు ఎవడి పని ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూపిస్తాడు, పాడైంది ఎవడో అప్పుడు తెలుస్తుంది, ఇయర్ఫోన్లు పెట్టుకుని అన్నిటికంటే పాతది నొక్కాడు, మూతపడ్డ సినిమా హాలు అది, కుర్చీలు పీకేసిన చోట జనం నిలబడ్డారు, క్యాసెట్టు మీద ఎవరో పట్టిన రికార్డింగు, బుస్సుమనే చప్పుడు, దాని వెనకాల బావమరిది గిటారు, అప్పటికి వాడింకా బావమరిది కాదు, అరువు గిటారుతో వచ్చిన కర్రపుల్లలాంటి కుర్రాడు, కానీ ఆ మోత, రేకుని రంపంతో కోస్తున్నట్టు, ఒంటి మీద వెంట్రుకలు లేచేలా, డ్రమ్ములవాడు వెనక పోలీసులు తరుముతున్నట్టు వాయిస్తున్నాడు, ఎక్కడో నాలుగు దెబ్బలు మింగేశాడు కూడా, ఎవడు పట్టించుకున్నాడు, ‘గొలుసు’ చివరి పాట, అప్పటికే తను గొంతు చించుకుని అన్నీ పాడేశాడు, అయినా ఆ అరుపు చూడు, హాలు కప్పు మీది పావురాలు లేచిపోయాయని చెప్పుకునేవాళ్ళు, జనంలోంచి ఆడపిల్ల ఈల వేసింది, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, తర్వాత ఇంట్లోకొచ్చి సిలిండరు అబద్ధాలు చెప్పే పిల్ల ఆమే. తర్వాతది మైదానంలో వాన పడ్డ ఏడాదిది, స్పీకర్ల మీద పట్టాలు కప్పి, అవి కరెంటు కొడతాయేమోనని మూగోడు చెప్పులేసుకుని, ఇందులో గొలుసు చివరికి ముందు పాట, అప్పుడే జరిపేశారా, తనకి గుర్తే లేదు, ఆ మూడోది మోటారుసైకిళ్ళ షోరూం తెరిచిన రోజుది, ముందు వరసలో బళ్ళు కొనడానికొచ్చినవాళ్ళు పిల్లల చెవులు మూస్తున్నారు, గొలుసు సరిగ్గా మధ్యలో ఉంది, అరుపుకి ముందు బావమరిది ఒక్కడే గిటారు వాయించే ముక్క, సినిమా హాల్లో అది చిటికెలో అయిపోయేది, ఇక్కడ సాగదీశాడు, పోయినేటిదానిలో మరీ అన్యాయం, గొలుసు రెండో పాట, జనం ఇంకా నిలబడే చోటు చూసుకుంటుంటే పేల్చేశారు, బావమరిది ముక్క అయ్యేలోపు టీ తాగి గ్లాసు కడిగి రావచ్చు, ఎన్నడూ నోరెత్తని డ్రమ్ములవాడు పల్లవిలో తనతో పాటు అరుస్తున్నాడు, తన గొంతు మీదకెక్కి, దొరికారు, ఇదిగో, ఏటేటా కొంచెం కొంచెం, ఒకేసారి పీకేస్తే గొడవవుతుందని పంటి కింద రాయిలా మెల్లిగా తీస్తున్నారు, పాటని పైకి నెట్టి, వాడి ముక్క పెంచి, తన గొంతు కప్పి, ఇంతా చేసి ఆ గిటారు మోత ఏమైనా ఉందా అంటే తడి బొంత ఉతికినట్టుంది, దబ్ దబ్బని, రంపం ఏదిరా, రేకు ఏదిరా, మధ్యలో తన గొంతొక్కటే ఎక్కడా చెక్కు చెదరలేదు, అరుపు చూడు, తిన్నగా వెళ్ళి ఆఖరి దాకా నిలబడింది.

ఒకసారి వాళ్ళ ముఖాన అరిచి చూపిస్తే సరి, అద్దాలు పైకెత్తాడు, పోయినేటి రికార్డింగు మళ్ళీ పెట్టి, డ్రమ్ములవాడి గోలని పట్టించుకోకుండా, బావమరిది ముక్క అయ్యేదాకా ఓపిక పట్టి, అందుకున్నాడు, క్యాబిన్లో అద్దాలు జిల్లుమన్నాయి, అరుపు వచ్చింది, వెన్నలో కత్తి దిగినట్టు వచ్చింది, పక్క వరస డ్రైవరు ఉలిక్కిపడి హారన్ కొట్టాడు, బండిలో పామేమైనా దూరిందా కేకన్నా అని సైగ చేశాడు, చెయ్యి ఊపాడు తను, ఒళ్ళంతా వేడెక్కింది, ఈ గొంతునా మీరు ఇంటికి పంపేది, అదే ఊపులో సినిమా హాలుది పెట్టాడు, ఆ కర్రపుల్ల గిటారుతో, ఆ వేగంతో పాడితే ఎలా ఉంటుందో, మొదటి చరణంలోనే గొంతు ఎక్కడో తట్టుకుంది, ఎందుకో పైకి, పైకి లాగుతోంది పాట, రెండో చరణానికి మెడ నరాలు బిగుసుకున్నాయి, అరుపు దగ్గరికి వచ్చేసరికి ఎత్తుకున్నాడు, ఎత్తుకున్నది మధ్యలో చిరిగిపోయింది, పాత గుడ్డ చిరిగినట్టు పర్రుమని, తర్వాత దగ్గు, కళ్ళమ్మట నీళ్ళు, ఇయర్ఫోన్లో పాతికేళ్ళ కుర్రాడొకడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు, ఆగడేం వీడు, సీసాలో నీళ్ళు తాగి మళ్ళీ మొదట్నుంచి పెట్టాడు, మళ్ళీ అక్కడే, మైదానందానితో ప్రయత్నించాడు, అంచు దాకా వెళ్ళి జారిపోయింది, షోరూం దానితో అందింది, మునివేళ్ళ మీద నిలబడి అటక మీది డబ్బా అందుకున్నట్టు, పోయినేటిదానితో మళ్ళీ వెన్న.

క్యాసెట్టు, అంతే, పాత క్యాసెట్టు వేగంగా తిరిగుంటుంది, టేపు వేగంగా తిరిగితే ఎవడి గొంతైనా ఎలకపిల్ల గొంతవుతుంది, ఆ పిల్ల సరిగా ఎక్కించలేదు, లేదా వాళ్ళ నాన్నే ఎక్కించొద్దన్నాడు, ఎక్కడ దొరికింది చూశావా కుట్ర, కానీ పాటకి ముందు తను జనంతో మాట్లాడిన ముక్క ఉంది అందులో, ప్రతి ప్రోగ్రాములోనూ అడిగేదే, బతికే ఉన్నారా అందరూ అని, వేలితో వెనక్కి జరిపి విన్నాడు, కుర్రగొంతు, తీరిగ్గా, బతికే ఉన్నారా అందరూ, ఉన్నాం అని జనం, ఎలకపిల్లల్లేరు అందులో, మనుషుల గొంతులే, మాట సరైన వేగంతో ఉంటే వెనకే వచ్చిన పాట మాత్రం వేగమెలా అవుతుంది, పోనీ పొద్దున చల్లనీళ్ళు తాగినందుకు గొంతు పట్టిందా, పట్టిన గొంతుతో పోయినేటి పాట ఎలా వచ్చింది, రెండుసార్లు, హారన్ కొట్టించుకుని మరీ, వెనకబండివాడు ఇప్పుడు నిజంగానే హారన్ కొడుతున్నాడు, వరస కదిలింది, ముందుకి జరిపాడు, పాట ఒకటే, ఎత్తు వేరు, నాలుగు చోట్ల నాలుగు ఎత్తుల్లో ఉంది పాట, గిటారు మోత బొంతలా అయిపోయింది వాడి చెయ్యి మందగించి కాదు, తీగలు సడలించాడు, తీగ సడలిస్తే శ్రుతి దిగుతుంది, మరీ సడలిస్తే సన్నతీగ పట్టు లేక గిలగిల్లాడుతుంది, అందుకే లావుది, ఎప్పుడో ఎవరికో వాడే చెప్పగా విన్నాడు ఈ సంగతి, తన సంగతే చెబుతున్నాడని అప్పుడనుకోలేదు, గిటారు దించితే సరిపోదు, మూగోడి బేసు కూడా దించాలి, పాట మొత్తం దించాలి, తన గొంతు అలిసిపోకముందే అరుపు రావాలని పాటని ముందుకి తెచ్చారు, ఊపిరి తీసుకోవడానికి వాడి ముక్క పెంచారు, పల్లవిలో బరువు తగ్గించడానికి డ్రమ్ములవాడు గొంతు కలిపాడు, ఇంట్లో ముసలాయన వంగిపోతున్న నడుముకి తగ్గట్టు ఎవరో ఏటేటా అద్దాన్ని కాస్త కిందకి దించి మేకు కొడుతుంటే, ఆయన రోజూ అందులో ముఖం చూసుకుని నా ఎత్తు నాకుందోయ్ అని మీసం దువ్వుకున్నట్టు, తను మీసం దువ్వుకున్నాడు, స్టాండంతా వినేలా, ముప్ఫై ఏళ్ళయినా అదే అరుపురా అని.

ఫోన్ చేశాడు, ఇంట్లో కుట్టుమిషను చప్పుడు వెనకాల, ఏంటయ్యా ఈ వేళప్పుడు, నీళ్ళు నింపుకున్నావా అంది, తీగల సంగతి నీకు తెలుసా అన్నాడు, మిషను ఆగింది, ఏ తీగలు అంది, కానీ మిషను ముందే ఆగింది, ఆ ఆగడంలోనే ఉంది జవాబు, ఎప్పట్నించి అన్నాడు, దారం కొరికిన చప్పుడు వినిపించింది, వాన ప్రోగ్రాముకి ముందు మంచం పట్టావు చూడు, అప్పట్నించి అంది, రక్తం పడితే దగ్గు మందులో రంగు అన్నావు, డాక్టరు గొంతుకి పని చెప్పొద్దంటే ఆయనకి హెవీ మెటల్ తెలీదన్నావు, మరి నాకెందుకు చెప్పలేదు అన్నాడు, చెప్తే ఏం చేసేవాడివి, చెప్పు, ఏం చేసేవాడివి, ఆవిడ గొంతులో కోపం ఉంది, దొరికిపోయినవాళ్ళకి ఉండాల్సిన భయం లేదు, నువ్వు చేసేది నేనే చెప్పనా, మైకు నేలకేసి కొట్టి, ముగ్గుర్నీ తిట్టి, వాళ్ళ ముఖం చూడనని ఒట్టేసుకుని, ఆదివారాలు గోడకెదురుగా కూర్చునేవాడివి, ఆ ముఖం ఎవరు చూడాలి, నేను, నా వల్ల కాదు బాబూ, ఉంటాను, చొక్కా అర్జంటుగా కావాలంటున్నారు, ఫోన్ పెట్టేసింది, గొట్టం దగ్గరివాడు బండి మీద చరుస్తున్నాడు, ఏం కేకన్నా, నింపాలా వద్దా, కలలు కంటున్నావా, నీళ్ళు ట్యాంకులో పడుతున్న హోరులో అతను తిట్లు పోగేసుకున్నాడు, దొంగనాయాళ్ళు, ముష్టి వేశారు నాకు, ప్రోగ్రాముకి ప్రోగ్రాముకి ముష్టి, చంటిపిల్లాడిని ఓడిపోయినట్టు నటించి గెలిపిస్తారే, అలాగ, జనం నవ్వుకుని ఉంటారు, ఎర్రచొక్కావాడు నవ్వుకుని ఉంటాడు, రేపు స్టేజీ ఖాళీ, వాళ్ళే పాడుకోనీ, మైకు మూగోడికివ్వనీ.

అపార్టుమెంటు ట్యాంకులో నీళ్ళు దించి, రిహార్సల్ గది ఉన్న ఫర్నిచర్ గోడౌను ముందు బండి ఆపి, మెట్లెక్కుతూ మొదటి తిట్టు ఏదో ఖాయం చేసుకున్నాడు, తలుపు తోశాడు, ఎర్రచొక్కావాడు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, పొడుగాటి సంచీ కాళ్ళ దగ్గర నోరు తెరుచుకుని, అందులో ఆకురాళ్ళు, స్క్రూడ్రైవర్లు, బావమరిది గిటారు ఒళ్ళో వెల్లకిలా, మెడ మీది గాడిని సన్నటి ఆకురాయితో రాస్తున్నాడు, ఆ లావు తీగ పట్టేలా, పాడేవాడు కాదు, గిటార్లు బాగుచేసేవాడు, ఏం బాబూ, అడ్రసు ఇంకా దొరకలేదా అన్నాడు అతను, వాడు తెల్లబోయి బావమరిది వంక చూశాడు, డ్రమ్ములవాడు వెంటనే, అబ్బ, ఏం ఎండలన్నయ్యా, రోడ్డు మీద పడుకుంటే ఒళ్ళు కాలిపోయేలా ఉంది అన్నాడు, రోడ్డు మీద ఎందుకు పడుకోవడం అన్నాడు మూగోడు, నెల రోజుల్లో వాడన్న మొదటి మాట, మాటవరసకన్నానయ్యా, మాటవరసకి ఫ్యాను కింద పడుకోవచ్చుగా, నీకు నోరొచ్చిందంటే కొంప మునిగినట్టే, వాళ్ళిద్దరూ నిజంగానే గొడవకి దిగిపోయారు, అతను గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, ఖాయం చేసుకున్న తిట్టు నాలుక మీదే ఉంది, వీళ్ళు ఎండ దగ్గర కూడా ఒక మాట మీద ఉండలేరు, ఎప్పుడున్నారు గనక, వ్యాను ఎవరిది మాట్లాడాలన్నా గొడవే, పోస్టరు మీద ఎవడి బొమ్మ ముందుండాలన్నా గొడవే, గొలుసుకి ఆ పేరు పెట్టడానికే రెండు నెలలు కొట్టుకున్నారు, డ్రమ్ములవాడూ బావమరిదీ ఓ ఏడాది పొడుగునా మాట్లాడుకోలేదు, స్టేజీ మీద కూడా వీపులు తిప్పుకుని వాయించారు, చెప్పాల్సిందేదైనా ఉంటే మూగోడితో చెప్పించేవాళ్ళు, పాపం మూగోడితో, అయినా ఆ షోరూం ప్రోగ్రాము ఆ ఏడాదిదే, అప్పుడు కూడా పాట దిగింది, వీపులు తిప్పుకునే దించారు, అందరూ ఒకే మెట్టుకి దిగారు, నాలుగో మనిషి చెవిన పడకుండా, ఇంతవరకూ ఒక్కడి నోరు జారలేదు, తాగినప్పుడు కూడా, డ్రమ్ములవాడు తాగితే సొంత పెళ్ళాం వయసు చెప్పేసే రకం.

ఈసారెంత దించారు, అన్నాడు అతను, అనాలనుకున్నది అది కాదు, గదిలో ఆకురాయి చప్పుడు ఆగిపోయింది, డ్రమ్ములవాడు ఎండని మధ్యలో వదిలేశాడు, ఏంటి బావా దించేది అన్నాడు బావమరిది, తీగలు రా, తీగలు, ఎంత, బావమరిది కాళ్ళ వంక చూసుకున్నాడు, ఆ సినిమా హాల్లో అరువు గిటారు పట్టుకుని నిలబడ్డ కుర్రాడిలాగే ఉన్నాడు, జుట్టు మాత్రం సగం పోయింది, అర మెట్టు బావా, అన్నాడు చివరికి, అర మెట్టే, ఎక్కువేం కాదు, అతను ఆ మాటకి కోపం వస్తుందేమోనని చూశాడు, రాలేదు, గొంతు ఇంకా మండుతోంది, మధ్యాహ్నం చిరిగిన చోట, చాలదు, ఇంకో అర దించు, పొద్దున్నుంచీ గొంతు బాలేదు అన్నాడు, ఎర్రచొక్కావాడే ముందుగా తేరుకుని, అయితే ఈ తీగ కూడా చాలదు సార్, ఇంకా లావుది వెయ్యాలి, నా దగ్గరుంది, గాడి ఇంకాస్త రాయాలి అని సంచీలో వెతకడం మొదలెట్టాడు, డ్రమ్ములవాడు ముక్కు ఎగబీల్చి, దుమ్ము, ఈ గోడౌను దుమ్ముతో చస్తున్నాం అన్నాడు, మూగోడు అప్పటికే బేసు మర తిప్పుతున్నాడు, ఎంత తిప్పాలో ఎవర్నీ అడక్కుండా, ఏళ్ళ తరబడి చేస్తున్న పనే కదా, బావా, నీకు కోపం లేదా అన్నాడు బావమరిది, ఉందిరా, అడ్రసు అని అబద్ధం చెప్పావు చూడు, దానికుంది, కాస్త నమ్మేలాగైనా చెప్పాల్సింది, అని మైకు దగ్గరికి నడిచాడు, నిలబడ్డాడు, వెనకాల ముగ్గురూ సర్దుకుంటున్న చప్పుళ్ళు, కుర్చీ ఈడ్చడం, దగ్గు, తీగ మెల్లిగా కిందకి దిగుతున్న మూలుగు, ఆ అరుపు మీదే వీళ్ళు బతికారని ఎంతమందితో చెప్పాడో, అరుపు పోయి ఎన్నాళ్ళయిందో, వాన పడ్డ ఆ ఏడాదే పోయింది, తనకి తప్ప ఈ గదిలో అందరికీ తెలుసు పోయిందని, తెలిసీ అప్పట్నించి ప్రతి ఆదివారం ఈ రెండంతస్తులూ ఎక్కి వస్తూనే ఉన్నారు, అరుపు కోసమైతే ఎప్పుడో మానేసేవాళ్ళు.